గుహలో నీళ్ళు, చేతిలో తాడు

(రికార్డింగు విని రాసిన ప్రసంగ పాఠం. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం.)

నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకి వినిపిస్తోందా? సరే. మాట్లాడే ముందు ఒక పని చేద్దాం. ఇదిగో, ఈ తాడు చుట్ట. అమ్మా, మీరు తీసుకోండి. కాస్త విప్పి, వేళ్ళతో తడిమి చూసి పక్కవాళ్ళకి ఇవ్వండి. అలా వరస వరసా వెనక్కి వెళ్ళనివ్వండి. సన్నగా ఉంది కదా? షూ లేసు కంటే సన్నం. ఉత్త నైలాను తాడు. దాని మీద అక్కడక్కడ ముక్కోణపు ప్లాస్టిక్ బిళ్ళలు తగులుతాయి, వాటి సంగతి తర్వాత చెప్తాను. నీళ్ళు నిండిన గుహలోకి వెళ్ళిన మనిషికి బయటి లోకంతో ఉన్న సంబంధం అంతా ఆ తాడే.

ముందే ఒప్పేసుకుంటున్నాను, నేను గుహల్లోంచి ఎవర్నీ కాపాడలేదు. నేను డైవింగ్ నేర్పేవాణ్ణి. గుహ డైవింగ్‌లో మొదటి మెట్టు శిక్షణ తీసుకున్నాను, అక్కడే ఆగిపోయాను. ఎందుకు ఆగిపోయానో కూడా చెప్తాను. కానీ ఈ రెస్క్యూల గురించి చదవడం, ఆ పని చేసినవాళ్ళు చెప్పింది వినడం నాకు కొన్నేళ్ళుగా పిచ్చి.

ఇక్కడ ఎంతమందికి ఈత వచ్చు? బానే ఉన్నారు. ఈత వచ్చినవాళ్ళకి ఒక ధైర్యం ఉంటుంది. ఏదైనా తేడా వస్తే పైకి వచ్చేస్తాం. సముద్రంలో డైవింగ్ చేసేవాళ్ళకి కూడా ఆఖరి దారి అదే, పైకి రావడం. గుహలో ఆ పైన ఏముంది? రాయి. పైకి వెళ్తే తల తగులుతుంది, అంతే. బయటికి రావాలంటే ఒకటే దారి, వచ్చిన దారి. అది రెండు వందల మీటర్లు కావచ్చు, రెండు కిలోమీటర్లు కావచ్చు. మధ్యలో మాస్క్ ఊడినా, లైటు ఆరిపోయినా, భయం వేసినా, ఆ దూరం అంతా నీళ్ళలోనే రావాలి.

ఇప్పుడు ఒక చిన్న లెక్క. పెద్ద లెక్కేం కాదు, పలకా బలపం లెక్క. 12 లీటర్ల సిలిండర్‌లో 200 బార్ ఒత్తిడితో, అంటే బయటి గాలి కంటే దాదాపు 200 రెట్ల ఒత్తిడితో గాలి నింపారు. అంటే దాదాపు 2400 లీటర్ల గాలి. నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషికి అది ఎంతసేపు వస్తుంది? రెండు గంటలు. అది నీటి పైన. పది మీటర్ల లోతుకి వెళ్తే ఒత్తిడి రెట్టింపు, కాబట్టి ప్రతి ఊపిరికీ రెట్టింపు గాలి ఖర్చవుతుంది. గంట. ఇప్పుడు ఆ మనిషికి భయం వేసింది. గబగబా పీలుస్తున్నాడు, మామూలు కంటే మూడింతలు. ఎంత మిగిలింది? ఇరవై నిమిషాలు.

చూశారా? సిలిండర్ మారలేదు, గుహ మారలేదు, దూరం మారలేదు. మనిషి కంగారుపడ్డాడు, గంట కాస్తా ఇరవై నిమిషాలైంది. నిదానమే ప్రధానం అని మనం ఊరికే అనేస్తాం. గుహ డైవర్‌కి అది సామెత కాదు, గాలి లెక్క. ఇవాళ నేను చెప్పబోయేదంతా చివరికి ఇదే. నీళ్ళు నిండిన గుహలోంచి మనిషిని తేవడం అంటే ముందు అతని కంగారుని ఏం చేయాలో తేల్చుకోవడం. మిగతావన్నీ ఆ తర్వాతే.

నా శిక్షణ సంగతి చెప్తానన్నాను కదా. అందులో ఒక అభ్యాసం ఉంటుంది. మాస్క్ అద్దానికి నల్లటి తొడుగు వేసేస్తారు. ఏమీ కనపడదు. తాడు మీంచి నా చెయ్యి తీయించి, గురువుగారు నన్ను రెండుసార్లు గిరగిరా తిప్పి వదిలేశారు. ఇప్పుడు తాడు వెతుక్కో. అంతే. నేర్పిన పద్ధతి ఏమిటంటే, మొదట ఆగాలి. కదలకూడదు. నడుముకి ఉన్న చిన్న రీలు తీసి, దాని కొస ఏదో ఒక రాయికి కట్టేయాలి. కనీసం ఇప్పుడున్న చోటికైనా తిరిగి రాగలగాలి కదా. అక్కణ్ణించి చెయ్యి చాచి, ఒక వైపు కొంచెం వెళ్ళి, దొరక్కపోతే వెనక్కి వచ్చి, ఇంకో వైపు వెళ్ళాలి.

నేనేం చేశాను? కట్టకుండానే ఈదేశాను. తాడు ఇక్కడే ఎక్కడో ఉంటుందిలే అనుకున్నాను. గోడ తగిలింది. ఇంకో గోడ తగిలింది. నా ఊపిరి చప్పుడు నాకే రంపం కోత లాగా వినిపిస్తోంది. పది నిమిషాలు వెతికాననుకున్నాను. చివరికి ఆయనే నా భుజం పట్టుకుని ఆపి, నా చెయ్యి తీసి పైకి పెట్టారు. తాడు నా తలకి మూరెడు పైన ఉంది. పైకి వచ్చాక గడియారం చూపించారు. మూడు నిమిషాలు కూడా కాలేదు. ఆ మూడు నిమిషాల్లో నేను తాగేసిన గాలి మాత్రం చాలా ఎక్కువ. నేను అక్కడితో ఎందుకు ఆగిపోయానో ఇప్పుడు అర్థమైంది కదా.

చీకటి సంగతి పక్కన పెట్టినా, గుహలో నీళ్ళు ఎంత తేటగా ఉన్నా అడుగున సన్నటి మట్టి పేరుకుని ఉంటుంది. పౌడర్ లాంటి మట్టి. కాలు ఒక్కసారి తప్పుగా ఆడిస్తే చాలు, పొగలా లేస్తుంది. ఎంత పెద్ద లైటు ఉన్నా మన చెయ్యి మనకే కనపడదు. అది మళ్ళీ అడుక్కి చేరడానికి గంటలు, ఒక్కోసారి రోజులు పడుతుంది. అందుకే ఈ డైవర్లు కాళ్ళు పైకీ కిందికీ కొట్టరు, కప్పలా పక్కలకి తోస్తారు. జంటగా వెళ్తే ఒకరి భుజం ఒకరు పట్టుకుంటారు. మాటలుండవు, సైగలు కనపడవు. ముందుకి తోస్తే పద అని, గట్టిగా నొక్కితే ఆగు అని, వెనక్కి లాగితే వెనక్కి అని.

ఈ పద్ధతులన్నీ ప్రమాదాల్లోంచి పుట్టినవే. అమెరికాలో ఫ్లోరిడా గుహల్లో డైవర్లు వరసగా చనిపోతుంటే షెక్ ఎక్స్‌లీ అనే డైవర్ ఆ ప్రమాదాలన్నీ ముందేసుకుని, ఎవరు ఏ తప్పు చేశారో తేల్చాడు. 1970ల మాట. బయట దాకా తెగని తాడు ఉండాలి. గాలిలో మూడో వంతు లోపలికి వెళ్ళడానికి, మూడో వంతు రావడానికి, మిగిలిన మూడో వంతు ముట్టుకోకూడదు, అది ఆపదకి. ఆ ఎక్స్‌లీ కూడా 1994లో మెక్సికోలో ఒక లోతైన నీటి గుండంలో డైవ్ చేస్తూ చనిపోయాడు. ఇది మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పట్లేదు. సరే, కొంచెం భయపెట్టడానికే.

ఇప్పుడు మీరంతా ఎదురు చూస్తున్న కథకి వద్దాం. థాయ్‌లాండ్. 2018 జూన్ 23. చియాంగ్ రాయ్ రాష్ట్రంలో థామ్ లువాంగ్ గుహ. 11 నుంచి 16 ఏళ్ళ పిల్లలు పన్నెండు మంది, ఫుట్‌బాల్ జట్టు, వాళ్ళతో 25 ఏళ్ళ కోచ్. లోపలికి వెళ్ళారు, వాన వచ్చింది, వెనక దారి నీళ్ళతో మూసుకుపోయింది. ఇది అందరికీ తెలుసు. తొమ్మిది రోజుల తర్వాత, జూలై 2న, రిక్ స్టాంటన్, జాన్ వొలాంథెన్ అనే ఇద్దరు బ్రిటన్ డైవర్లు వాళ్ళని కనుక్కున్నారని కూడా తెలుసు. ఎలా కనుక్కున్నారో తెలుసా? వాసనతో. తాడు పరుచుకుంటూ వెళ్తున్నారు, ఎక్కడ గాలి దొరికితే అక్కడ తల పైకెత్తి, అరిచి, వాసన చూస్తున్నారు. ఒక చోట తల ఎత్తగానే గట్టిగా వాసన కొట్టింది. బతికున్న మనుషుల వాసనో కాదో వాళ్ళకి ఆ క్షణంలో తెలియదు. తర్వాత ఒక్కొక్కరే గట్టు దిగి వస్తూ కనిపించారు. డైవర్లు లెక్కపెట్టారు. పదమూడు.

లోకమంతా పండగ చేసుకుంది. ఆ ఇద్దరు మాత్రం చేసుకోలేదు. ఎందుకో ఆలోచించండి. దొరికారు సరే, ఎలా తేవాలి? దానికి ముందు జరిగిన ఒక సంఘటన ఎక్కువమందికి తెలియదు. నా దృష్టిలో ఈ మొత్తం కథకి తాళంచెవి అదే. పిల్లలు దొరక్కముందు ఒక రోజు ఈ ఇద్దరూ లోపలికి వెళ్తే, ముందువైపు, గది లాంటి ఒక అరలో నలుగురు పనివాళ్ళు కనిపించారు. పంపుల పని మీద వచ్చినవాళ్ళు, నీళ్ళు పెరిగినప్పుడు లోపలే ఉండిపోయారు. వాళ్ళు అక్కడున్నారని బయట ఎవరికీ తెలియదు. సరే, ఒక్కొక్కరినీ నీళ్ళలోంచి బయటికి తెచ్చారు. చాలా చిన్న డైవ్. అయినా ఆ పెద్దవాళ్ళు నీళ్ళలో పెనుగులాడారు. కాళ్ళూ చేతులూ కొట్టుకున్నారు. అది కాపాడటం లాగా లేదు, కుస్తీ లాగా ఉంది. అంత చిన్న దూరానికే అలా అయితే, గంటల కొద్దీ పట్టే దారిలో పిల్లల్ని మెలకువగా తేవడం సాధ్యమా? స్టాంటన్‌కి జవాబు అప్పుడే దొరికింది. సాధ్యం కాదు.

మరి వేరే దారులు చూడలేదా అంటే చూశారు. డైవింగ్ ఎప్పుడూ ఆఖరి దారే, ఇది గుర్తు పెట్టుకోండి. కొండ పైన వేరే రంధ్రం ఉందేమోనని అడవంతా గాలించారు. పైనుంచి డ్రిల్లింగ్ చేద్దామా అని చూశారు. పగలూ రాత్రీ పంపులతో నీళ్ళు తోడారు, వాగుల్ని పక్కకి మళ్ళించారు. నాలుగు నెలలు ఆగి, వానాకాలం అయ్యాక నడిపించుకుని వద్దామన్నారు. కానీ పిల్లలున్న చోట ఆక్సిజన్ 15 శాతానికి పడిపోయింది. మామూలు గాలిలో దాదాపు 21 ఉంటుంది. పైగా పెద్ద వానలు రాబోతున్నాయి. ఈలోగా జూలై 6న, దారిలో సిలిండర్లు పెట్టి తిరిగొస్తూ సమన్ గునన్ అనే మాజీ థాయ్ నేవీ డైవర్ చనిపోయాడు. అంత గట్టి మనిషే పోయాడంటే, ఇక పిల్లల మాట ఎవరు చెప్పగలరు?

అందుకని ఒక నిర్ణయం తీసుకున్నారు. పిల్లల్ని నిద్రపుచ్చి తేవాలి. రిచర్డ్ హారిస్ అని ఆస్ట్రేలియా డాక్టరు, మత్తు ఇవ్వడమే ఆయన వృత్తి, గుహ డైవింగ్ ఆయన సరదా. లోకంలో ఈ రెండూ కలిసినవాళ్ళు ఎంతమంది ఉంటారు? మొదట ఆయన కుదరదన్నాడు. ఆపరేషన్ థియేటర్‌లో మత్తు ఇస్తే డాక్టరు పక్కనే ఉండి ప్రతి ఊపిరీ చూసుకుంటాడు. ఇక్కడ మత్తు ఇచ్చిన పిల్లవాణ్ణి డాక్టరు కాని మనిషి చేతికి అప్పగించి, ముఖం నీళ్ళలో పెట్టి పంపించాలి. పిల్లలు బతకరనే ఆయన భయం. ఆయనకీ, తోడుగా వచ్చిన క్రెయిగ్ చాలెన్‌కీ ఏదైనా జరిగితే కేసుల్లేకుండా దౌత్యపరమైన రక్షణ కూడా ఏర్పాటు చేశారంటే, ప్రభుత్వాలకి కూడా ఎంత అనుమానం ఉందో చూడండి. చాలెన్ ఎవరో తెలుసా? పశువుల డాక్టరు. నవ్వకండి, మత్తు సంగతి ఆయనకీ తెలుసు.

పద్ధతి వివరంగా చెప్తాను, ఎందుకంటే ఇందులో ప్రతి వస్తువుకీ ఒక కారణం ఉంది. మొదట ఆందోళన తగ్గించే మాత్ర. కొంచెం మగతగా పిల్లవాడు గట్టు దిగి నీళ్ళ దగ్గరికి వస్తాడు. హారిస్ ఒడిలో కూర్చుంటాడు. రెండు ఇంజెక్షన్లు. ఒకటి కెటమిన్, మత్తు. అదే ఎందుకు? ఊపిరిని పెద్దగా అణచదు కాబట్టి. రెండోది అట్రోపిన్. అదెందుకు? నోట్లో ఊరే లాలాజలాన్ని ఆపడానికి. ముఖం కిందికి పెట్టి మూడు గంటలు తెచ్చే పిల్లవాడికి సొంత ఉమ్మి చాలు, ఊపిరితిత్తుల్లోకి వెళ్ళడానికి. ముఖం అంతా కప్పే మాస్క్. దాని లోపల గాలి ఒత్తిడి బయటి నీటి కంటే కాస్త ఎక్కువ ఉంటుంది, అంచు కొంచెం వదులైనా గాలి బయటికి పోతుంది తప్ప నీళ్ళు లోపలికి రావు. సిలిండర్ వీపుకి కాదు, ముందు పక్క. అందులో ఆక్సిజన్ పాళ్ళు ఎక్కువగా ఉన్న గాలి. తర్వాత చేతులు వెనక్కి కట్టేశారు.

వినడానికి ఎలాగో ఉంది కదా? నాకూ మొదట చదివినప్పుడు ఒళ్ళు జలదరించింది. కానీ మధ్యలో మెలకువ వచ్చి ఆ పిల్లవాడు చెయ్యి వేసేది ఎక్కడ? తన మాస్క్ మీద. లేదా డైవర్ మాస్క్ మీద. ఒక్క నిమిషంలో ఇద్దరూ పోతారు.

ఇక డైవర్ పని. స్టాంటన్, వొలాంథెన్, జేసన్ మాలిన్సన్, క్రిస్ జువెల్, నలుగురు బ్రిటన్ డైవర్లు. ఒక్కొక్కరికి ఒక్కో పిల్లవాడు. పిల్లవాడి వీపు మీద పట్టీ. దాన్ని ఒక చేత్తో పట్టుకోవాలి, రెండో చేత్తో తాడు. బురద నీళ్ళు, కళ్ళకి ఏమీ ఆనదు. రాయి ముందు ఎవరి తలకి తగలాలి? డైవర్ తలకే తగలాలి. పిల్లవాడి మాస్క్‌కి తగిలితే అది పక్కకి జరగొచ్చు. కాబట్టి పిల్లవాణ్ణి కింద పెట్టుకుని, తన తల ముందుకి చాచి, రాళ్ళని తన నెత్తితో వెతుక్కుంటూ రావాలి. ఊపిరి ఉందో లేదో ఎలా తెలుస్తుంది? బుడగల చప్పుడుతో. బుడగలు వస్తున్నాయి, ఉన్నాడు. ఆగాయి, ఇక తన ఊపిరి బిగబట్టుకుని వినాలి. కెటమిన్ ప్రభావం గంట లోపే తగ్గుతుంది కాబట్టి దారిలో డైవరే పిల్లవాడి తొడకి, వెట్‌సూట్ మీంచే, మళ్ళీ ఇంజెక్షన్ ఇవ్వాలి. వీళ్ళెవరూ డాక్టర్లు కారు. స్టాంటన్ రిటైరైన ఫైర్‌మన్, వొలాంథెన్ కంప్యూటర్లు, నెట్‌వర్కుల మనిషి.

జూలై 8న నలుగురు, 9న నలుగురు, 10న అయిదుగురు. అందరూ బతికారు. హాలీడే సరదాగా గుహల్లో ఈదేవాళ్ళు అని చాలామంది తీసిపారేసిన మనుషులే ఈ పని చేశారు. నేవీ వాళ్ళకి ధైర్యం లేక కాదు, వాళ్ళ శిక్షణ బయటి సముద్రానిది. ఇరుకులో, చీకట్లో, నెత్తి మీద రాయితో నలభై ఏళ్ళుగా శని, ఆదివారాలు గడిపినవాళ్ళకి ఉండే ఒక రకమైన నింపాది వేరు.

అంతటివాళ్ళకి కూడా తాడు జారింది. ఆఖరి రోజు క్రిస్ జువెల్ తన దగ్గరున్న పిల్లవాడితో వస్తూ, చెయ్యి మార్చుకుంటున్నప్పుడు తాడు వదిలేశాడు. కన్ను కనపడదు. చేతిలో మత్తులో ఉన్న పిల్లవాడు. నేనైతే ఏం చేశానో ఇందాక చెప్పాను కదా, ఈదేశాను. అతను ఆగాడు. చుట్టూ తడిమాడు. తాడు దొరకలేదు, ఒక కరెంటు వైరు దొరికింది. దాన్ని పట్టుకుని వెళ్ళాడు. నీటి పైకి తేలి చూస్తే తాను బయల్దేరిన అరలోకే తిరిగొచ్చాడు. ముందుకి కాదు, వెనక్కి. అయినా గాలి ఉన్న చోటు. పిల్లవాణ్ణి ఒడ్డున పెట్టి, వెనక వచ్చేవాళ్ళ కోసం ఆగాడు. పిల్లవాడు క్షేమంగా బయటికి వెళ్ళాడు. అంత దాకా వచ్చి ఆగడానికి ఎంత నిబ్బరం కావాలో నాకు తెలుసు. నాకు లేదు కాబట్టి తెలుసు.

అయితే ప్రతిసారీ నిద్రపుచ్చాలా? అక్కర్లేదు. 2004లో మెక్సికోలో అల్పసాట్ గుహలో ఆరుగురు బ్రిటన్ వాళ్ళు చిక్కుకున్నారు. వాళ్ళు సైన్యం మనుషులు, గుహలు అలవాటు, తిండి ఉంది. అక్కడికి కూడా వెళ్ళింది ఈ స్టాంటన్, మాలిన్సనే. నీళ్ళ ఒడ్డున కూర్చోబెట్టి డైవింగ్ ఓనమాలు నేర్పి, ఒక్కొక్కరినీ మెలకువగానే తెచ్చారు. అంటే ఎవరిని తెస్తున్నామన్న దాన్ని బట్టి పద్ధతి మారుతుంది. గుహ కొలతలు తర్వాత, ముందు మనిషి కొలత చూడాలి.

ఇంకో మనిషి గురించి చెప్పి ముగించేస్తాను, టైమ్ అయిపోయిందని సైగ చేస్తున్నారు. స్పెయిన్‌లో మయోర్కా ద్వీపం, 2017 ఏప్రిల్. సిస్కో గ్రాసియా అనే డైవర్, గుహల పటాలు గీసే మనిషి. స్నేహితుడితో వెళ్ళాడు, తాడు పోయింది, మట్టి లేచింది. దగ్గర్లో గాలి ఉన్న ఒక అర ఉందని గుర్తు. అక్కడికి చేరారు. మిగిలిన గాలి ఒక్కడికే సరిపోతుంది. ఎవరు వెళ్ళాలి? మాట్లాడుకున్నారు, స్నేహితుడు వెళ్ళాడు, ఇతను ఉండిపోయాడు. అరవై గంటలు! చీకట్లో. అక్కడి నీటికొలనులో పై పొర మంచినీళ్ళు, కింద ఉప్పునీళ్ళు, పైవి తాగాడు. లైటు పొదుపుగా వాడాడు. ఆ గాలిలో కార్బన్ డయాక్సైడ్ 5 శాతం దాకా ఉంది. బయట గాలిలో 0.04. తలనొప్పి, నిద్ర పట్టదు, లేని వెలుగులూ చప్పుళ్ళూ. కాపాడేవాళ్ళు మొదటిసారి ప్రయత్నిస్తే నీళ్ళు మసకగా ఉండి చేరలేకపోయారు. పైనుంచి రంధ్రం వేసి తిండి పంపుదామన్నారు, కుదరలేదు. చివరికి నీళ్ళు తేరుకున్నాక ఒక డైవర్ తేలాడు. అప్పటికి చాలాసార్లు లైట్లు కనపడినట్టు భ్రమపడి ఉన్నాడు కదా, ఇదీ భ్రమే అనుకున్నాడట, హెల్మెట్ చూసే దాకా.

ఆఖరిది, నిజంగా ఆఖరిది. థామ్ లువాంగ్‌లో సాయం చేసిన బ్రిటన్ డైవర్లలో జాష్ బ్రాచ్లీ ఒకడు. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో అమెరికాలోని టెనెసీలో ఒక గుహలో తానే చిక్కుకుపోయాడు. కాపాడినవాణ్ణి కాపాడాల్సి వచ్చింది. ఫ్లోరిడా నుంచి ఎడ్ సోరెన్‌సన్ అనే డైవర్‌ని రప్పించారు. అతను వెళ్ళి తల ఎత్తేసరికి బ్రాచ్లీ బురదలో నింపాదిగా కూర్చుని ఉన్నాడు. మత్తూ లేదు, కట్టేయడమూ లేదు, ఇద్దరూ ఈదుకుంటూ వచ్చేశారు. దాదాపు 28 గంటల తర్వాత బయటికి వచ్చిన మనిషి అడిగింది ఒక్కటే, పిజ్జా కావాలని.

తాడు ఎక్కడిదాకా వచ్చింది? ఆఖరి వరసలోనే ఉందా? సరే, ఎవరి చేతిలో ఉందో ఆయన ఒకసారి కళ్ళు మూసుకోండి. ఆ ప్లాస్టిక్ బిళ్ళని తడమండి. ముక్కోణానికి కొస ఏ వైపు ఉంది? ఎడమ వైపా? అయితే మీకు బయటికి దారి ఎడమ వైపే. కొస ఎప్పుడూ దగ్గరి ద్వారం వైపే చూడాలి, వెళ్ళేవాడు అలా కట్టుకుంటూ వెళ్తాడు. ఇక కళ్ళు తెరవండి. ఆ తాడు చిక్కు పడకుండా చుట్టి ఇటు పంపించండి, రేపు పొద్దున క్లాసుకి నాకు కావాలి.